చొక్కా కింద టెక్సాస్

మా బావమరిది చిన్నప్పట్నుంచీ చొక్కా టక్ చేసే మనిషి. తెనాలిలో కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఇస్త్రీ మడత నలుగుతుందని సైకిలు వెనక ఎవర్నీ ఎక్కించుకునేవాడు కాదు. అలాంటివాడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక సైజు పెద్ద గళ్ళ చొక్కా ప్యాంటు మీదికి వదిలేసి ఎదురొచ్చాడు. వయసు మీదపడి సోకు తగ్గింది కాబోలు అనుకున్నాను. మా ఆవిడ ఏళ్ళ తర్వాత చూసిన తమ్ముణ్ణి వాటేసుకోబోతే, పక్కకి తిరిగి ఎడమ భుజం అందించాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

రాత్రి భోజనాలయ్యాక అతనే చెప్పాడు. "బావగారూ, నేను గన్ క్యారీ చేస్తాను. వారం పాటు నా కారులో తిరగబోతున్నారు. మీకు చెప్పకుండా ఉంటే బాగుండదు."

"గన్నంటే?" అంది మా ఆవిడ, వినపడనట్టు.

"గన్నే అక్కా. కుడి నడుము దగ్గర, ప్యాంటు లోపలికి."

"ఒరేయ్, నీకెవరితోరా పగ?"

అతను నవ్వాడు. సమాధానం మాత్రం చెప్పలేదు. అది మాకు తర్వాత దారిలో, విడతలు విడతలుగా దొరికింది.

అమెరికాలో ఎవరు పడితే వాళ్ళు తుపాకీ కొనుక్కోవచ్చని మనం ఇక్కడ కూర్చుని అనుకుంటాం. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ఆ వీలు ఇవ్వదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయంతే. గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఆ అడ్డు తొలగుతుంది. కాబట్టి మనవాళ్ళలో తుపాకీ పెట్టుకు తిరిగేది ఎక్కువగా నలభై దాటిన, ఇల్లూ వాకిలీ ఏర్పడిన, పిల్లలు హైస్కూలుకి వచ్చిన సంసారులే. కుర్రకారు దుడుకు వయసు దాటి, పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్న వయసులో అది నడుముకి చేరుతుంది. ఇది నాకు విచిత్రంగా తోచింది. మన దగ్గర ఆ వయసులో తులసి మాల వేసుకుంటారు.

మన దగ్గర తుపాకీ ఎప్పుడూ కనపడటానికే ఉంది. ఎమ్మెల్యే కారు దిగితే ముందు గన్‌మన్ దిగాలి. గన్‌మన్‌ని ప్రభుత్వం తీసేస్తే ఆ నాయకుడి పరువు పోయినట్టే; ప్రాణభయం సంగతి తర్వాత. బ్యాంకు గుమ్మంలో డబుల్ బ్యారెల్ పట్టుకుని స్టూలు మీద కునికే ముసలి గార్డు దగ్గర్నుంచి, పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చే పెద్దమనుషుల దాకా, అందరికీ అది నలుగురూ చూడాల్సిన వస్తువు. లైసెన్సు దొరకడమే గగనం. దొరికినా ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. టెక్సాస్‌లో నేను చూసింది దీనికి తలకిందులు. అక్కడ ఒక మామూలు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పయ్యేళ్ళ ఇంటి అప్పు తీరుస్తున్నవాడు, తన దగ్గర తుపాకీ ఉందని ఎవరికీ తెలియకుండా ఉండటానికి రోజంతా శ్రమపడతాడు.

ఆ శ్రమ ఎలాంటిదో ఫ్రిస్కోలో ఉన్న కొద్ది రోజుల్లోనే చూశాను. ప్యాంటు నడుము రెండంగుళాలు ఎక్కువ కొనాలి. మామూలు బెల్టు బరువుకి వంగిపోతుంది కనక లోపల గట్టి పట్టీ ఉన్న ప్రత్యేకమైన బెల్టు కావాలి. ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థంతో అచ్చుపోసిన హోల్‌స్టర్, ట్రిగ్గరు పూర్తిగా కప్పేది. చేతులు పైకెత్తి అటక మీద డబ్బా తీయకూడదు, చొక్కా లేచిపోతుంది. కింద పడ్డ పెన్ను నడుము వంచి తీయకూడదు, వెనక గట్టు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. మోకాళ్ళు మడిచి దిగాలి. అలా కనపడటాన్ని వాళ్ళు 'ప్రింట్ అవడం' అంటారు. గాలి వీస్తే చెయ్యి చొక్కా అంచు మీదికి దానంతట అదే వెళ్తుంది. పలచటి లాల్చీలు, తెల్ల చొక్కాలు బీరువాలో వెనక్కి వెళ్ళిపోయాయి. గళ్ళ చొక్కాలు, పూల చొక్కాలు ముందుకొచ్చాయి, ఎందుకంటే బొమ్మల్లో గట్టు కలిసిపోతుంది.

చూస్తూ చూస్తూ ఉంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మడి కట్టుకున్న పొద్దున పూట ఆవిడ నడక వేరు. ఎవరూ తగలకుండా గోడ వారగా జరుగుతూ, పిల్లలు పరుగెత్తుకొస్తే చెయ్యెత్తి ఆపుతూ, వంగినా లేచినా బట్ట కొసమీద ధ్యాస పెట్టుకుని తిరిగేది. నా బావమరిది మడి కట్టుకున్నాడు. తేడా ఏమిటంటే నాయనమ్మ మడి మధ్యాహ్నం భోజనంతో విడిచేది. ఇతని మడి రాత్రి పడుకునే ముందు, మంచం పక్క ఇనప్పెట్టెలో దాన్ని పెట్టి వేలిముద్రతో మూత వేసేదాకా విడవదు.

ఆ పెట్టె అతని భార్య పెట్టిన షరతు. "అన్నయ్యగారూ, నేను ఒద్దనలేదు. ఒప్పుకోనూ లేదు. పెట్టె కొన్నాకే ఇంట్లోకి రానిచ్చాను" అంది ఆ అమ్మాయి, చపాతీలు ఒత్తుతూ. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి గుళ్ళున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్ చట్టం ప్రకారం నేరం. ఆమె భయం చట్టం గురించి కాదు. ఇంట్లో ఎదిగే పిల్లవాడున్నాడు, పరీక్షలున్నాయి, అలకలున్నాయి. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలేనన్న సంగతి ఆమెకు తెలుసు. బయటివాడి కోసం తెచ్చిన వస్తువు ఇంట్లో వాళ్ళ కోసం కాచుకుని కూర్చుంటుందేమోనన్న ఆ అనుమానానికి భర్త దగ్గర ఇనప్పెట్టె తప్ప వేరే జవాబు లేదు.

శనివారం గుడికి వెళ్ళాం. కారు ఆపాక అతను దిగలేదు. సీటు కింద, ఇనప తాడుతో బిగించిన చిన్న డబ్బా లాగి, అటూ ఇటూ చూసి, నడుము నుంచి తీసి అందులో పెట్టి తాళం వేశాడు. "ఇక్కడ బోర్డు లేదు బావగారూ, తీసుకెళ్ళినా తప్పు లేదు. నాకే మనసొప్పదు" అన్నాడు. గుళ్ళో సాష్టాంగపడి లేచినప్పుడు ఆ నడుము ఎంత హాయిగా వంగిందో చూశాను. పులిహోర ప్రసాదం తింటూ మా ఆవిడ తమ్ముణ్ణి గట్టిగా వాటేసుకుంది. ఆ వారంలో అదొక్కసారే కుదిరింది.

మార్చి నెలాఖరు. డాలస్ దాటి ఇంటర్‌స్టేట్ 35 మీద దక్షిణానికి దిగుతుంటే దారి పక్కన గడ్డిలో నీలంగా బ్లూబానెట్ పూలు. ఆ రాష్ట్ర పుష్పం అదే. కార్లు ఆపి పిల్లల్ని పూలలో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్ళు ప్రతి మలుపులోనూ ఉన్నారు. ఆకాశం మన సీమలోలాగే విశాలంగా ఉంటుంది, నేల మాత్రం పచ్చగా ఉంటుంది. వెస్ట్ అని ఒక చిన్న ఊరు. పేరు వెస్టే గానీ ఉన్నది రాష్ట్రం నడిమధ్య. ఎప్పుడో చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ వంశీకులు అక్కడ కొలాచీలని బన్ను రొట్టెలు చేస్తారు, మధ్యలో గుంట చేసి నేరేడు రంగు పండ్ల గుజ్జో తీపి జున్నో నింపి. వేడివేడిగా తింటే మన కజ్జికాయ మీద బెంగ తీరుతుంది.

అక్కడి మనుషుల మర్యాద నన్ను ఆశ్చర్యపరిచింది. వెనక వచ్చేవాడు ఇంకా పదడుగుల దూరంలో ఉండగానే తలుపు పట్టుకుని నిలబడతారు. మా ఆవిడని ప్రతివాడూ "మ్యామ్" అంటాడు. పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే ట్రక్కు డ్రైవరు స్టీరింగు వదలకుండా రెండు వేళ్ళు పైకెత్తి పలకరిస్తాడు. బెజవాడలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి అలా పలకరిస్తే అప్పు అడగడానికి వచ్చాడనుకుంటారు. నలుగురికీ తుపాకీలున్నాయి గనకే ఆ మర్యాద అని సూత్రీకరించే పెద్దలు అక్కడ ఉన్నారు. నేను నమ్మను. తుపాకీ కలలో కూడా ఎరగని కోనసీమ ముసలమ్మలు అంతకన్నా మర్యాదగా కొబ్బరి నీళ్ళిచ్చి కూర్చోబెట్టడం నాకు తెలుసు.

అయితే నా బావమరిది విషయంలో ఆ సూత్రంలో ఏదో నిజం ఉన్నట్టుంది. ఒకప్పుడు వీడు ఒంటికాలి మీద లేచేవాడు. గుంటూరు బస్టాండులో కండక్టరుతో చిల్లర కోసం చొక్కాలు చించుకున్న ఘనుడు. వేకో దగ్గర ఒక పికప్ ట్రక్కువాడు సూచన ఇవ్వకుండా మా ముందుకి అడ్డంగా దూరి, పైగా వేలు చూపించి పోయాడు. నేను తిట్టాను, మా ఆవిడ తిట్టింది. అతను మాత్రం చెయ్యెత్తి "సారీ" అన్నట్టు చూపించి పక్క లేనుకి జరిగాడు.

"తప్పు వాడిదైతే నువ్వు సారీ చెప్తావేమయ్యా?"

"గొడవ నేను మొదలెట్టానని తేలితే రేపు ఆత్మరక్షణ అన్న మాట కోర్టులో చెల్లదు బావగారూ. లైసెన్సు క్లాసులో మొదట చెప్పేది ఇదే. నడుముకి ఇది ఉన్నన్నాళ్ళూ నోరు పారేసుకోవడానికి లేదు. వాడి దగ్గరా ఉండొచ్చు."

ఆ చివరి ముక్క కారులో చాలాసేపు మాతో పాటు ప్రయాణం చేసింది. తర్వాత నేనూ కనపడ్డ ప్రతి నడుము వంకా చూడటం మొదలుపెట్టాను. చొక్కా వదులుగా ఉంటే అనుమానం, బిగుతుగా ఉంటే చీలమండ దగ్గర ఉందేమోనని అనుమానం. అమెరికాలో 2019లో దాదాపు 60 లక్షల మంది పెద్దవాళ్ళు రోజూ తుపాకీ వెంట పెట్టుకు తిరిగారని ఒక అధ్యయనం అంచనా వేసింది. వాళ్ళలో ఒకణ్ణి తెలిసినంత మాత్రాన మిగతావాళ్ళందరూ ఒక్కసారిగా నా కళ్ళకి కట్టినట్టయింది.

దారిలో బకీస్ అని పెట్రోలు బంకు. బంకు అనడానికి మనసొప్పదు, చిన్న ఊరంత ఉంటుంది. జింకలకి వేసే దాణా, పొగబెట్టిన మాంసం, పంచదార పట్టించిన వేరుశెనగలు, అద్దంలా మెరిసే బాత్రూములు. ఆ బాత్రూము నుంచి అతను రావడానికి పట్టినంత సేపట్లో మేము కాఫీ తాగేశాం. బెల్టు విప్పితే బరువు జారిపోతుంది. తీసి పక్కన పెడితే మర్చిపోయే ప్రమాదం. అలా మర్చిపోయి వచ్చినవాళ్ళ వార్తలు అక్కడి పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. మరుపు ఇంకో రకంగానూ పని చేస్తుంది. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. నూటికి తొంభైకి పైగా గుళ్ళతో ఉన్నవే. ఎక్కువ మంది చెప్పిన సంజాయిషీ, సంచిలో ఉందని మర్చిపోయామని. మొదట్లో రాయిలా గుచ్చుకునే వస్తువు కొన్నాళ్ళకి ఒంట్లో భాగమైపోతుంది. గుచ్చుకున్నంత కాలమే నయమేమో.

కిలీన్ ఊరికి నేనే పట్టుబట్టి తీసుకెళ్ళమన్నాను. పక్కనే పెద్ద సైనిక స్థావరం, రోడ్డంతా పాత సామాన్ల దుకాణాలు, టైర్ల షాపులు. ఇక్కడే 1991 అక్టోబరు 16 మధ్యాహ్నం లూబీస్ అనే కాఫెటీరియా అద్దాలు బద్దలుకొట్టుకుంటూ ఒకడు పికప్ ట్రక్కు లోపలికి తోలాడు. దిగి, భోజనం చేస్తున్న 23 మందిని కాల్చి చంపాడు. తల్లిదండ్రులతో భోజనానికి వచ్చిన సుజానా హప్ అనే ఆమె పర్సు వైపు చెయ్యి చాచింది. తుపాకీ అందులో లేదు, కారులో ఉంది. దాన్ని ఒంటి మీద మోస్తే అప్పటి చట్టం ప్రకారం నేరం. వృత్తి లైసెన్సు పోతుందన్న భయంతో కారులో ఉంచేది. ఆమె కిటికీలోంచి బయటపడింది. తల్లీ తండ్రీ లోపలే పోయారు.

ఆ తర్వాత ఆమె ఊరూరా తిరిగి చెప్పింది ఒకటే: ఆ పూట నా పర్సులో తుపాకీ ఉండనిచ్చి ఉంటే. గవర్నరు యాన్ రిచర్డ్స్ 1993లో అలాంటి బిల్లును వీటో చేశారు. మరుసటి ఎన్నికల్లో ఓడిపోయారు. ఆమె స్థానంలో వచ్చిన జార్జి బుష్ 1995లో సంతకం పెట్టారు. హప్ తర్వాత శాసనసభకి ఎన్నికయ్యారు. దాచి మోయడానికి అలా లైసెన్సు వచ్చింది. 2016 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు బాహాటంగా పెట్టుకు తిరగడం వచ్చింది. 2021 సెప్టెంబరు నుంచి 21 నిండి, చట్టం నిషేధించనివాళ్ళకి అసలు లైసెన్సే అక్కర్లేకపోయింది. నా బావమరిది అయినా తీసుకున్నాడు. తరగతిలో కూర్చుని, 3, 7, 15 గజాల దూరాల నుంచి 50 గుళ్ళు కాల్చి చూపించి. ఇరుగు రాష్ట్రాలకి వెళ్తే ఆ కార్డు పనికొస్తుందన్నాడు.

కమ్యూనిటీ సెంటర్ దగ్గర పేర్లు చెక్కిన గులాబీ రంగు రాతి స్మారకం ఉంది. మేము తప్ప ఎవరూ లేరు. పక్క మైదానంలో పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు. అక్కడ చెప్పాడు, తనెందుకు మొదలుపెట్టాడో. 2023 మే 6న డాలస్ ఉత్తర శివార్లలోని ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని చంపాడు. అందులో మన హైదరాబాదు నుంచి వెళ్ళిన అమ్మాయి, ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. "ఆ ముందు ఆదివారం మేం నలుగురం అదే మాల్‌లో ఉన్నాం బావగారూ. బాబుకి బూట్లు కొన్నాం." అతను ఇంకేమీ చెప్పలేదు. కన్సాస్‌లో 2017లో మన తెలుగు ఇంజనీరుని బార్‌లో కాల్చి చంపినప్పుడు ఇల్లు అమ్మి వచ్చేద్దామా అనుకున్నాడట. ఈసారి రావాలన్న ఆలోచన రాలేదట. కొనాలన్న ఆలోచన వచ్చిందట.

నేను వాదించకుండా ఉండలేకపోయాను. ఆ రోజు నీ దగ్గర ఉండి ఉంటే ఏం చేసేవాడివి? పిల్లల చేతులు పట్టుకుని పరుగెత్తేవాడినన్నాడు. మరి అదెందుకు? పరుగెత్తడానికి దారి లేకపోతే, అన్నాడు. 2019 డిసెంబరులో ఫోర్ట్ వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్‌లో చర్చిలో కాల్పులు జరిపినవాణ్ణి చర్చి కాపలా బృందంలోని జాక్ విల్సన్ ఆరు సెకన్లలో ఒక్క గుండుతో పడగొట్టిన సంగతి చెప్పాడు. ఆ ఆరు సెకన్లలోనే ఇద్దరు పోయారు. నేను కొలరాడోలోని ఆర్వాడా సంగతి చెప్పాను. 2021 జూన్‌లో జానీ హర్లీ అనే మనిషి పోలీసుని చంపిన హంతకుణ్ణి కాల్చి ఆపాడు. తర్వాత వచ్చిన పోలీసు, చేతిలో తుపాకీ ఉన్న హర్లీనే హంతకుడనుకుని చంపేశాడు. "తెలుసు" అన్నాడు బావమరిది. "మాలాంటి రంగువాళ్ళకి అది ఇంకా బాగా తెలుసు." ఆ తర్వాత చాలా మైళ్ళు పాటలు విన్నాం.

లానో ఊళ్ళో మధ్యాహ్న భోజనం. బయటే పెద్ద పెద్ద ఇనప పొయ్యిలు, మెస్కీట్ కట్టె బొగ్గుల మీద మాంసం. మూత ఎత్తి, ఏ ముక్క కావాలో వేలు పెట్టి చూపిస్తే కోసి కాగితం మీద పెడతాడు. మేము కోడికీ టర్కీకీ పరిమితమయ్యాం. పచ్చి ఉల్లిపాయ, ఊరగాయ దోసకాయలు, తెల్ల రొట్టె ఎంత కావాలంటే అంత. పొడుగాటి బల్లలు, పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు. మన సత్రం భోజనం పద్ధతే.

నేను గోడ వైపు కుర్చీ లాక్కున్నాను. అతను నిలబడే ఉన్నాడు. "బావగారూ, ఏమీ అనుకోకపోతే..." అన్నాడు. తలుపు కనపడే కుర్చీ కావాలి. అప్పటికి నాకు అర్థమైంది, ఫ్రిస్కోలో తిన్న ప్రతి హోటల్లోనూ అతను ఆ కుర్చీలోనే కూర్చున్నాడని. జెఫ్ కూపర్ అని తుపాకీ విద్యలో పేరున్న ఒక గురువు మనసు స్థితులకి రంగులు పెట్టాడు: తెలుపు అంటే ఏమరుపాటు, పసుపు అంటే ప్రశాంతంగా ఉంటూనే ఎరుకలో ఉండటం, నారింజ అంటే ఫలానా చోట ఏదో తేడా ఉందని గుర్తించడం, ఎరుపు అంటే సిద్ధం. తుపాకీ ఉన్నవాడు గడప దాటితే పసుపులో ఉండాలి. అంటే నా మాటలు వింటూ, టర్కీ తింటూ, వచ్చేవాళ్ళ చేతులు చూస్తూ, వెనక తలుపు ఎటుందో గుర్తుపెట్టుకుంటూ. ధ్యానం చేసేవాళ్ళు కూడా ఎరుకలో ఉండమనే చెప్తారు. కానీ వాళ్ళు తలుపు వైపు చూడమనరు.

మా బల్ల చివర టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, ఎనభై ఉంటాయి, ఎండకి తోలులా మాడిన మొహం, మా వంక చూస్తూ తింటున్నాడు. గొడ్ల కాపరి కుటుంబమట. ఇండియా అనగానే అక్కడ ఆవులు ఎన్ని పాలిస్తాయని అడిగాడు. ఒంగోలు గిత్తల గురించి చెప్పాను. ఆయనకి తెలుసు! మన ఒంగోలు ఎడ్లు బ్రెజిల్ చేరి నెల్లూరు పేరుతో అక్కడ విస్తరించాయని, తను బ్రెజిల్‌లో చూశానని చెప్పాడు. తెనాలివాణ్ణి, టెక్సాస్ పల్లెలో, ఒంగోలు ఎద్దు మీద ముచ్చట. లేచి వెళ్ళిపోతూ బావమరిది భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నాడు: "అబ్బాయ్, మోచేత్తో మాటిమాటికి తడుముకోకు. ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళ పెద్ద చొక్కాలు, గట్టి బెల్టులు, మోకాళ్ళ మీద వంగడాలు, అన్నీ ఆ ముసలాయన కంటి ముందు వృథా. ఆయన దగ్గర ఉందా అని మా ఆవిడ అడిగింది. "ఉండే ఉంటుంది" అన్నాడు. నాకైతే లేదనిపించింది. ఆయన ఆ బల్ల దగ్గర తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఎన్‌చాంటెడ్ రాక్ అనేది భువనగిరి కొండకి దూరపు చుట్టం. ఒకే రాయి, గులాబీ రంగు, బోర్లించిన మూకుడు. చెప్పులు జారకుండా ఎక్కుతుంటే మోకాళ్ళు పలకరిస్తాయి. పైన బండ పగుళ్ళలో వాన నీరు నిలిచి, అందులో పచ్చగా ఏవో చిన్న మొక్కలు. మేం చొక్కాలు తడిసి గాలికి నిలబడితే, అతను మా అందరికన్నా ఎక్కువ తడిశాడు. చొక్కా కింద ఇంకో బనీను, దాని కింద ఇనుము. చెమట ఉప్పుకి తుప్పు పడుతుందని రాత్రి బసలో తువ్వాలు పరిచి, విప్పి, నూనె గుడ్డతో తుడిచాడు. మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. దగ్గర్నుంచి చూడటం నాకదే మొదలు. దీపావళికి రీళ్ళు పేల్చే పిస్తోలు కన్నా పెద్దది కాదు. చేత్తో పట్టుకుని చూడమన్నాడు. ఒద్దన్నాను.

ఫ్రెడరిక్స్‌బర్గ్ ద్రాక్షతోటల దగ్గర అందరూ గ్లాసులు ఎత్తుతుంటే అతను నిమ్మరసం తాగాడు. మత్తులో ఉండి మోస్తే నేరం. అతను ఒక్క చుక్కా ముట్టడు. పెళ్ళాం ఎన్నేళ్ళు పోరినా మానని మందు దీని దెబ్బకి మానేశాడు. ఇది మాత్రం మంచికే అని మా ఆవిడ మొదటిసారి ఒప్పుకుంది.

ఆ సాయంత్రం వెనకాల ఎర్రా నీలం దీపాలు. వేగం ఎక్కువైందట. కారు వారకి తీసి, ఇంజను ఆపి, అద్దం దించి, లోపలి దీపం వేసి, రెండు చేతులూ స్టీరింగు పైభాగాన పెట్టి వేళ్ళు విప్పాడు. "ఎవరూ కదలకండి. అక్కా, పర్సు తెరవకు." అతని మెడ మీద నరం కొట్టుకోవడం వెనక సీట్లోంచి నాకు కనిపించింది. పోలీసు గుర్తింపు అడిగితే, ఆయుధం దగ్గరున్న లైసెన్సుదారు డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఆ కార్డు కూడా ఇవ్వాలి. నా దగ్గర తుపాకీ ఉందని, కుడి నడుము దగ్గరుందని, పర్సు ఎడమ జేబులో ఉందని, ఇప్పుడు ఎడమ చెయ్యి కదుపుతున్నానని ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. మిన్నెసోటాలో 2016లో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడు అచ్చం ఇలాగే కారులో కూర్చుని, తన దగ్గర తుపాకీ ఉందని పోలీసుకి మర్యాదగానే చెప్పాడు. క్షణాల్లో కాల్పులు జరిగాయి. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. మేమూ చూశాం.

ఈ పోలీసు మీసాలున్న పెద్దమనిషి. "సరే. మీది మీరు తీయకండి, నాది నేను తీయను" అని నవ్వాడు. హెచ్చరిక కాగితం ఇచ్చి, మా ఆవిడకి టోపీ అంచు ముట్టుకుని వెళ్ళిపోయాడు. బావమరిది చాలాసేపు కారు కదిలించలేదు. హంతకుల భయంతో కొన్నది పోలీసు భయాన్ని వెంట తెచ్చింది. ఉన్న భయం పోయినట్టు నాకెక్కడా కనపడలేదు. దానికి ఒక ఉద్యోగం దొరికిందంతే.

ఆస్టిన్‌లో సిక్స్‌త్ స్ట్రీట్‌కి పాటలు వినడానికి వెళ్ళాం. బార్ల తలుపుల మీద ఎర్రటి అక్షరాల్లో '51%' అని బోర్డులు. ఆ కొట్టు ఆదాయంలో సగానికి మించి అక్కడే తాగించే మద్యం నుంచి వస్తుందని. అంటే తుపాకీ కూడదని. వేరే తలుపుల మీద '30.06' అని ఉంటుంది, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలు. దాచిన తుపాకీతో లైసెన్సుదారులు రావద్దని శిక్షాస్మృతిలోని సెక్షను. మేము తలుపు మీద మెనూ చదువుతాం. అతను ఈ అంకెలు చదువుతాడు. బడి, కోర్టు, ఓటు వేసే చోటు, గుర్రప్పందాలు, అన్నీ అతని మనసులో వేరే పటంగా గీసి ఉన్నాయి.

కాబట్టి ఆ రాత్రి అది కారులో డబ్బాలో ఉండిపోయింది. గిటారు వాయించిన కుర్రాడు గొప్పగా వాయించాడు. ఇతను మాత్రం మూడు పాటలు కాకముందే రెండుసార్లు లేచి కారు దాకా వెళ్ళి వచ్చాడు. కార్లలోంచి దొంగిలించిన తుపాకులే తర్వాత నేరాల్లో తేలుతుంటాయట. "దగ్గరుంటే దాని గురించి, లేకపోతే దాని గురించీ" అంది మా ఆవిడ. "చంటిపిల్ల తల్లి నయం కదరా, పిల్ల పెద్దదవుతుంది."

మర్నాడు టెక్సాస్ విశ్వవిద్యాలయం గడియార స్తంభం కింద నిలబడ్డాం. 1966 ఆగస్టు 1న ఒకడు దాని మీద నుంచి గంటన్నర పాటు కనపడ్డవాళ్ళని కాల్చాడు. సరిగ్గా 50 ఏళ్ళకి, 2016 ఆగస్టు 1న, లైసెన్సుదారులు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల భవనాల్లోకి దాచిన తుపాకీ తేవచ్చన్న చట్టం అమల్లోకి వచ్చింది. తేదీ కావాలని పెట్టలేదంటారు. నీడలో పిల్లలు వెల్లకిలా పడుకుని చదువుకుంటున్నారు.

చివరగా శాసనసభ భవనం. 1888లో కట్టింది, మేము వచ్చిన దారిలోనే మార్బుల్ ఫాల్స్ దగ్గర తవ్విన ఎర్ర గ్రానైటు రాయి. వాషింగ్టన్ భవనం కన్నా తమది ఎత్తని టెక్సాస్‌వాళ్ళు ప్రతి ఇటుకనీ సాక్ష్యం పిలుస్తారు. గుమ్మం దగ్గర తనిఖీ యంత్రాలు. బడిపిల్లలు, వాళ్ళ టీచర్లు, మాలాంటి ముసలి యాత్రికులు బారుగా నిలబడి ఉన్నారు. మా ఆవిడ గాజులకి యంత్రం కూసింది. నన్ను బెల్టు తీయమన్నారు. సంచిలో మిగిలిన కొలాచీ పొట్లం విప్పించారు. ఇక్కడైతే పాపం ఇతను కారులోనే ఉండిపోవాలి కాబోలు అనుకుంటూ వెనక్కి చూశాను. లేడు.

పక్కన ఇంకో వరస ఉంది, దాంట్లో ఎవరూ లేరు. తుపాకీ లైసెన్సు కార్డున్నవాళ్ళకి అది. కార్డు చూపిస్తే యంత్రం లేదు, తనిఖీ లేదు, నడుముకి ఉన్నది నడుముకే. 2010లో ఈ యంత్రాలు పెట్టినప్పుడు రోజూ రావాల్సిన లాబీయిస్టులూ విలేకరులూ బారులో నిలబడలేక తుపాకీ లైసెన్సులకి దరఖాస్తు పెట్టుకున్నారట, ఇంట్లో తుపాకీ లేకపోయినా. ఆ తర్వాత వాళ్ళ కోసం వేరే పాసు పెట్టారు.

నేను బెల్టు పెట్టుకుని, మా ఆవిడ గాజులు సవరించుకుని లోపలికి వెళ్ళేసరికి అతను గోపురం కింద నిలబడి తల పూర్తిగా వెనక్కి వాల్చి పైన నక్షత్రం వంక చూస్తున్నాడు. "ఇంతసేపు ఎక్కడున్నారు బావగారూ?" అన్నాడు.